బ్యాటరీ వించ్‌కి రివర్సు పెట్టించుకునే రైతులకు ఒక మాట



ఈ పోస్టు పెద్దది. పొలం పనులయ్యాక తీరిగ్గా చదవండి. ఇంట్లో ఐటీఐ చదివే కుర్రాడో, డిప్లొమా చదివే అమ్మాయో ఉంటే వాళ్ళకీ చూపించండి.

ఈమధ్య మన వైపు బ్యాటరీతో నడిచే సాధనాలు లోకల్‌గా చేయించుకోవటం ఎక్కువైంది. బస్తాలు అటక మీదకి ఎత్తే వించ్, కల్లంలో పట్టలు చుట్టే రోలరు, ఇసుకలో పడవని ఒడ్డుకి లాగే వించ్, ఇలాంటివి. అన్నిటికీ ఒకటే అవసరం. మోటారు ముందుకీ తిరగాలి, వెనక్కీ తిరగాలి. బస్తా పైకి పోతే చాలదు, కొక్కెం కిందకి రావాలి కదా. దానికి మన మెకానిక్కులు చేసే ఏర్పాటు రెండు కాంటాక్టర్లు, రెండు బటన్లు.

నా మాట ముందే చెప్పేస్తున్నా. ఇవి చేయించుకోండి, మంచివే. కానీ ఆ రెండు కాంటాక్టర్లూ ఒకేసారి మూసుకోకుండా అడ్డు లేని యంత్రాన్ని మాత్రం డబ్బులిచ్చి ఇంటికి తెచ్చుకోవద్దు. ఎవరు చేసినా సరే, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. ఆ అడ్డునే ఇంటర్‌లాక్ అంటారు. అది ఎందుకో, ఏంటో మనకి తెలియాలి. తెలియకపోతే మెకానిక్ పెట్టాడో లేదో మనం అడగలేం.

ముందు ఇది చిన్న రైతుకి అవసరమా అనే వాళ్ళకి ఒక లెక్క చెప్తా. మిర్చి టిక్కీ 45 కిలోలు అనుకోండి. దాన్ని మూడు మీటర్ల ఎత్తుకి 15 సెకన్లలో ఎత్తాలంటే మోటారు చేయాల్సిన అసలు పని 90 వాట్లు కూడా కాదు. గేర్లలో, తాడు రాపిడిలో, మోటారు వేడిలో సగానికి పైన పోయిందనుకున్నా 220 వాట్లు. 12 వోల్టుల బ్యాటరీ మీద అది 18 ఆంపియర్లు. ఒక టిక్కీకి 15 సెకన్లు చొప్పున వంద టిక్కీలు ఎత్తితే ఏడున్నర ఆంపియర్-గంటలు. ట్రాక్టరు బ్యాటరీ 80 ఆంపియర్-గంటలది అయినా అందులో పదో వంతు కూడా అవ్వలేదు. ముఠా వాళ్ళు దొరకని రోజున ఇద్దరు మనుషులతో, నడుం పట్టేయకుండా పని అయిపోతుంది.

కరెంటుతో నడిచేది పెట్టుకోవచ్చు కదా అంటారు. కల్లం దగ్గర సర్వీసు ఎక్కడుంది? పైగా కరెంటు లేనప్పుడే మనకి తొందర. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను మన బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రోజుల్లో కోసిన వరి, కుప్పేసిన ధాన్యం ఎలా తడిసిపోయిందో మీకు చెప్పక్కర్లేదు. మార్చి, ఏప్రిల్‌లో మబ్బు పట్టి నాలుగు చినుకులు పడితే మిర్చి కల్లాల్లో పట్టల కోసం పరిగెత్తటం ఏటా ఉండేదే. అలాంటప్పుడు ట్రాక్టరు బ్యాటరీ ఒక్కటే మన చేతిలో ఉండే కరెంటు. అందుకే నేను డీసీ మోటారు వైపే.

ఇప్పుడు అసలు విషయం. మోటారు దిక్కు మార్చటం మనకి కొత్తేం కాదు. ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మర్నాడు మోటారు వేస్తే నీళ్ళు సన్నగా పోస్తుంది. ఉల్టా తిరుగుతోందని మనకి తెలుసు. మూడు ఫేజుల్లో ఏవైనా రెండిటిని అటూ ఇటూ మార్చి బిగిస్తే సరైపోతుంది. ఈ అలవాటుతోనే డీసీ మోటారుకి కూడా రెండు వైర్లు మారిస్తే చాలనుకుంటాం. కొన్ని మోటార్లకి చాలు, కొన్నిటికి చాలదు.

డీసీ మోటారులో రెండు భాగాలు. మధ్యలో తిరిగేది ఆర్మేచరు. చుట్టూ కదలకుండా ఉండి అయస్కాంతం పని చేసేది ఫీల్డు. ఈ రెండిట్లో ఏదో ఒక్కదాని దిక్కు మారిస్తేనే మోటారు ఎదురు తిరుగుతుంది. రెండూ మారిస్తే మళ్ళీ పాత దిక్కుకే తిరుగుతుంది. చిన్నప్పుడు లెక్కల్లో మైనస్‌ని మైనస్‌తో గుణిస్తే ప్లస్ అని చదువుకున్నాం, అదే సంగతి.

కారు వైపర్ మోటారు లాంటి వాటిల్లో ఫీల్డు బదులు శాశ్వత అయస్కాంతాలు అతికించి ఉంటాయి. వాటికి రెండు వైర్లు మారిస్తే ఆర్మేచరు ఒక్కదాని దిక్కే మారుతుంది కాబట్టి ఎదురు తిరుగుతాయి. అయితే వైపర్ మోటార్లలో చాలా వాటికి ఒక కొస బాడీకే కలిపి ఉంటుంది. దాన్ని విడదీయకుండా వైర్లు మారిస్తే మోటారు బాడీ మొత్తం ప్లస్ అయిపోతుంది. ట్రాక్టరు ఛాసిస్ ఏమో మైనస్. రెండూ తగిలితే నిప్పే.

ట్రాక్టరు సెల్ఫ్ మోటారు వేరే రకం. దాంట్లో ఫీల్డు చుట్ట, ఆర్మేచరు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో ఉంటాయి. బ్యాటరీ కొసలు మారిస్తే రెండూ కలిసి మారతాయి, మోటారు పాత దిక్కుకే తిరుగుతుంది. దాన్ని ఎదురు తిప్పాలంటే మోటారు విప్పి ఫీల్డు కొసలు రెండూ వేరుగా బయటకి తియ్యాలి. అప్పుడు ఫీల్డు దిక్కు ఒక్కటే మార్చొచ్చు. ఇంకో సంగతి, సెల్ఫ్ మోటారు చేసిందే పది పదిహేను సెకన్లు తిరిగి ఆగటానికి. వరసగా యాభై బస్తాలు ఎత్తమంటే కాలిపోతుంది. పాత సామాన్ల కొట్లో చవగ్గా దొరుకుతుంది కదా అని వించ్‌కి అది పెట్టించుకోవద్దని నా సలహా.

ఈ-ఆటోల్లో వచ్చే బీఎల్‌డీసీ మోటారు ఇంకో జాతి. దానికి కంట్రోలరు పెట్టె ఉంటుంది, రివర్సు కూడా అందులోనే ఉంటుంది. మోటారుకీ కంట్రోలరుకీ మధ్య కాంటాక్టర్లు పెట్టి దిక్కు మారుస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

సరే, రెండు కాంటాక్టర్లతో దిక్కు ఎలా మారుతుంది? కొమ్మమూరు కాలువ కింద నీళ్ళు పెట్టుకున్న వాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. బ్యాటరీ ప్లస్ అంటే నీళ్ళొచ్చే కాలువ. మైనస్ అంటే మురుగు కాలువ. మోటారు అంటే మధ్యలో ఉన్న మడి. మడికి తూర్పు కొస, పడమర కొస. ప్రతి కొసకీ రెండు తూములు, ఒకటి కాలువ వైపు, ఒకటి మురుగు వైపు. మొత్తం నాలుగు తూములు.

తూర్పున కాలువ తూము, పడమర మురుగు తూము తీస్తే నీళ్ళు మడిలో తూర్పు నుంచి పడమరకి పోతాయి. మోటారు ఒక వైపు తిరుగుతుంది. అవి మూసి, పడమర కాలువ తూము, తూర్పు మురుగు తూము తీస్తే నీళ్ళు ఎదురు పోతాయి. మోటారు రెండో వైపు తిరుగుతుంది. మొదటి జత తూములు తీసేది పైకి పోయే కాంటాక్టరు. రెండో జత తీసేది కిందకి దింపే కాంటాక్టరు. ఇంతే.

మరి నాలుగు తూములూ ఒకేసారి తీస్తే? తూర్పున కాలువలో నీళ్ళు మడిలోకి పోవు, పక్కనే తెరిచి ఉన్న మురుగులోకి నేరుగా దూకుతాయి. పడమరా అంతే. మడి ఎండుతుంది, తూము కొట్టుకుపోతుంది. బ్యాటరీ విషయంలో దీన్ని షార్ట్ సర్క్యూట్ అంటారు. ప్లస్ నుంచి మైనస్‌కి మోటారు ప్రమేయం లేకుండా దారి పడిపోతుంది. మంచి ఛార్జింగులో ఉన్న ట్రాక్టరు బ్యాటరీ అప్పుడు కొన్ని వందల ఆంపియర్లు, ఒక్కోసారి వెయ్యి ఆంపియర్ల దాకా తోసేస్తుంది. వెల్డింగు షాపులో మామూలు పుల్లకి వాడేది వంద ఆంపియర్లు, అటూ ఇటూ. అంటే ఎన్ని వెల్డింగు మిషన్లు కలిపి ఆ డబ్బాలో పెట్టినట్టో ఆలోచించండి. 12 వోల్టులు షాక్ కొట్టదు, నిజమే. కానీ వైరు ఎర్రగా కాలి తొడుగు కరిగి మంటలొస్తాయి. ఛార్జింగు అప్పుడు బ్యాటరీలోంచి హైడ్రోజన్ గ్యాసు కూడా వస్తుంది. దాని దగ్గర నిప్పురవ్వ పడితే బ్యాటరీ పేలి యాసిడ్ మొహాన పడుతుంది.

ఇది చెప్తే మెకానిక్కులు అనే మాట ఒకటుంది. "బాబాయ్, రెండు బటన్లూ ఒకేసారి ఎవడు నొక్కుతాడు? ఆ మాత్రం తెలియదా మనోళ్ళకి?"

నిజమే, కావాలని ఎవడూ నొక్కడు. కానీ ఇబ్బంది వేలితో మాత్రమే రాదు. కాంటాక్టరు లోపల రాగి, వెండి మొనలు ఉంటాయి. మోటారు మొదలయ్యేటప్పుడు, బరువుకి ఇరుక్కున్నప్పుడు వాటి గుండా మామూలుకి అయిదారు రెట్లు కరెంటు పోతుంది. చిన్న సైజు కాంటాక్టరు అయితే ఆ వేడికి మొనలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బటన్ వదిలేసినా అది ఊడదు. వించ్ ఆగదు. మనిషి కంగారు పడి ఏం చేస్తాడు? కిందకి దింపే బటన్ నొక్కుతాడు. ఎవడైనా అదే చేస్తాడు. పైకి పోయే కాంటాక్టరు అతుక్కునే ఉంది, కిందది కూడా మూసుకుంది. నాలుగు తూములూ తెరుచుకున్నాయి. అంటే ప్రమాదంలోంచి బయటపడటానికి నొక్కిన బటనే నిప్పు పెడుతుంది. నాకు భయం ఇదే.

మా పక్క ఊళ్ళో నిరుడు అచ్చం ఇదే జరిగింది. ఎవరి పేరూ చెప్పను, చేసినతని పేరూ చెప్పను. వేరుశనగ బస్తాలు ఎత్తే వించ్. పైకి పోయిన బస్తా ఆగలేదు. కుర్రాడు రెండో బటన్ నొక్కాడు. డబ్బాలోంచి పొగ, వెంటనే మంట. కింద పేర్చిన ఖాళీ గోతాలు అంటుకున్నాయి. మా నేలల్లో ఇసుకకి కొదవ లేదు కాబట్టి పోసి ఆర్పేశారు. బ్యాటరీ కొస చేత్తో పీకబోయి ఆ కుర్రాడు అరచెయ్యి కాల్చుకున్నాడు. మిర్చి కల్లంలో, పత్తి బోరేల పక్కన అయితే ఏమయ్యేదో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు దీనికి మందు. రెండు దారులున్నాయి.

మొదటిది ఇంటర్‌లాక్. ప్రతి కాంటాక్టరుకీ పక్కన చిన్న అదనపు కాంటాక్టు పెట్టుకోవచ్చు. పెద్ద మొనలు మూసుకుంటే ఆ చిన్నది తెరుచుకుంటుంది. పైకి పోయే కాంటాక్టరు చిన్న కాంటాక్టు గుండానే కిందకి దింపే కాంటాక్టరు కాయిల్‌కి కరెంటు పోవాలి. కిందదాని చిన్న కాంటాక్టు గుండానే పైదాని కాయిల్‌కి పోవాలి. ఒకటి పనిలో ఉంటే రెండోదానికి కరెంటు అందదు. మొనలు అతుక్కుపోయినా చిన్న కాంటాక్టు తెరిచే ఉంటుంది కాబట్టి రెండోది మూసుకోదు. దీంతో పాటు రెండు కాంటాక్టర్ల మధ్య త్రాసు లాంటి మరబద్ద బిగించిన జంటలు కూడా దొరుకుతాయి. ఒకటి లోపలికి పోతే బద్ద అడ్డుపడి రెండోది కదలదు. రెండూ ఉంటే ఇంకా మంచిది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, గమనించండి. కొందరు బటన్లలోనే అడ్డు పెట్టి ఇంటర్‌లాక్ ఉందని చెప్తారు. అది రెండు వేళ్ళ నుంచి కాపాడుతుంది. అతుక్కుపోయిన కాంటాక్టరు నుంచి కాపాడదు. అడ్డు కాంటాక్టరులో ఉండాలి.

రెండో దారి, నాకు ఎక్కువ నచ్చినది, రెండు వైపులా మారే కాంటాక్టరు. ఛేంజోవర్ రకం అంటారు. తూము లెక్కలో చెప్పాలంటే ఒక్కో కొసకీ రెండు తూములు కాదు, ఒకటే తలుపు. ఆ తలుపు మురుగు వైపు దారి మూస్తేనే కాలువ వైపు దారి తెరుచుకుంటుంది. మామూలుగా రెండు కొసలూ మైనస్‌కే కలిపి ఉంటాయి. ఒకటి లాగితే ఒక కొస ప్లస్‌కి మారి మోటారు ఒక వైపు తిరుగుతుంది. రెండోది లాగితే ఎదురు. పొరపాటున రెండూ లాగినా రెండు కొసలూ ప్లస్‌కే పోతాయి, మోటారు ఆగిపోతుంది, షార్ట్ అవ్వదు. ఇంకో లాభం, బటన్ వదలగానే మోటారు రెండు కొసలూ కలిసిపోతాయి కాబట్టి తిరుగుతున్న మోటారుకి బ్రేకు పడినట్టు ఆగుతుంది.

పంపు స్టార్టర్ డబ్బాలోంచి పాత కాంటాక్టర్లు తీసి పెడతామనే వాళ్ళు ఉన్నారు. దాని సంగతి కూడా చెప్పాలి. దాని కాయిల్ 230కో 415కో చేసింది, 12 వోల్టులకి కదలదు. కాయిల్ మార్చినా మొనలు చాలవు. 5 హెచ్‌పీ త్రీఫేజు మోటారు తీసుకునేది ఏడెనిమిది ఆంపియర్లే. మన చిన్న వించ్ మోటారు బరువుకి ఇరుక్కుంటే వంద దాటుతుంది. పైగా మన లైను కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వచ్చి పోతుంది, అప్పుడు మొనల మధ్య నిప్పు దానంతటదే ఆరుతుంది. బ్యాటరీ కరెంటుకి ఆ సున్నా లేదు. 12 వోల్టుల దగ్గర కొంత నయం. 48 వోల్టుల బండికి వచ్చేసరికి ఆ నిప్పు సాగి సాగి మొనల్ని తినేస్తుంది. అందుకే డీసీకి అని రాసి ఉన్న కాంటాక్టరే, మోటారు ఇరుక్కున్నప్పటి కరెంటుకి తట్టుకునేదే అడగండి.

ఇంకో చెడ్డ అలవాటు, తిరుగుతుండగానే టక్కున రివర్సు నొక్కటం. మోటారు తిరిగేటప్పుడు అది కూడా ఒక డైనమోలాగా ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. ఉదాహరణకి లోపలి చుట్ట నిరోధం 0.1 ఓమ్ అనుకోండి. 12 వోల్టుల మీద పని చేస్తూ 10 వోల్టులు ఎదురు పుట్టిస్తుంటే, మిగిలిన 2 వోల్టులకి 20 ఆంపియర్లు పోతాయి. ఆగిపోయి ఇరుక్కుంటే 12 వోల్టులకి 120 ఆంపియర్లు. తిరుగుతుండగా రివర్సు కొడితే ఆ 10, ఈ 12 కలిసి 22 వోల్టులు, అంటే 220 ఆంపియర్లు. గేరు పళ్ళకీ, బ్రష్‌లకీ, కాంటాక్టర్లకీ ఒకేసారి దెబ్బ. ట్రాక్టరు ముందుకి పోతుండగా రివర్సు గేరు వేస్తామా? ఆగాకే కదా వేస్తాం. ఇదీ అంతే. ఆగనివ్వండి, ఒక్క క్షణం ఆగి అప్పుడు నొక్కండి.

ఇదంతా అతి జాగ్రత్త అనుకునే వాళ్ళకి చెప్తున్నా, ఇది ఇవాళ్టి మాట కాదు. మన జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లోనే, 1895లో, మద్రాసు వీధుల్లో కరెంటు ట్రాములు మొదలయ్యాయి. 1953 దాకా నడిచాయి. ట్రాములు నడిచేది డీసీ మోటార్లతో. ఆ కాలపు ట్రాము కంట్రోలర్లలో రెండు పిడులు ఉండేవి. పెద్దది వేగానికి, చిన్నది దిక్కుకి. పెద్ద పిడి సున్నా దగ్గర ఉంటేనే చిన్న పిడి కదిలేది. డ్రైవరు తెలివితక్కువ వాడని కాదు, తొందరలో ఎవరి చెయ్యైనా తప్పుతుందని తెలుసు కాబట్టి.

అంత దూరం ఎందుకు, మన చీరాల స్టేషన్లో నిలబడండి. ఈ లైనుకి 1980 ప్రాంతంలో కరెంటు వచ్చింది. డబ్ల్యూఏజీ-5, డబ్ల్యూఏజీ-7 అని రాసి ఉన్న గూడ్సు ఇంజన్లు చాలా ఏళ్ళు ఈ దారిన బరువులు లాగాయి. పై వైరులో ఉండేది ఏసీ అయినా, ఇంజన్ లోపల దాన్ని డీసీగా మార్చి ఆరు డీసీ సిరీస్ మోటార్లు తిప్పుతారు. ఇంజన్ని వెనక్కి నడపాలంటే రివర్సర్ అనే ఏర్పాటు మోటార్ల ఫీల్డులో కరెంటు దిక్కు మారుస్తుంది. అది కూడా కరెంటు పోతుండగా కాదు, ఆపాక. ట్రాక్టరు సెల్ఫ్ గురించి పైన చెప్పానే, ఫీల్డు ఒక్కటే మార్చాలని, అచ్చం అదే సూత్రం. కొత్తగా వచ్చిన డబ్ల్యూఏజీ-9, డబ్ల్యూఏపీ-7 ఇంజన్లలో త్రీఫేజు మోటార్లు పెట్టారు, అది వేరే కథ. శిక్షణ పొందిన డ్రైవరు చేతికే అడ్డు పెట్టినప్పుడు, మబ్బు చూసి పరిగెత్తుకొచ్చి బటన్ నొక్కే మన చేతికి అక్కర్లేదా?

ఖర్చు గురించి అంటారా? చిన్న కాంటాక్టులు రెండు, నాలుగు ముక్కల వైరు, అరగంట పని. ఒక పురుగుమందు డబ్బాకి పెట్టే డబ్బు కూడా కాదు. డీసీ కాంటాక్టర్లకి ఎక్కువే అవుతుంది, కాదనను. కానీ పది కాలాలు ఉండే సామాను మీద ఆ తేడా ఎంత? చవక కోసం మనం బేరమాడితే మెకానిక్ తగ్గించేది మనకి కనపడని చోటే. రంగు తగ్గించడు, ఇంటర్‌లాక్ తగ్గిస్తాడు. తప్పు అతని ఒక్కడిదే కాదు, అడగని మనదీ.

ఇంటర్‌లాక్‌తో పాటు ఉండాల్సినవి ఇంకో నాలుగు.

బ్యాటరీ ప్లస్ కొసకి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. నేను చెప్పిన సైజు వించ్‌కి 40 నుంచి 50 ఆంపియర్లది. వైరు దానికి తగ్గ లావు ఉండాలి.

చేత్తో తిప్పి బ్యాటరీని విడదీసే కట్-ఆఫ్ స్విచ్, లారీలకి ఉండేది, మనిషి నిలబడే చోట అందేలా ఉండాలి. ఎందుకంటే కాంటాక్టరు అతుక్కుపోతే ఇంటర్‌లాక్ షార్ట్‌ని ఆపుతుంది గానీ మోటారుని ఆపదు. దాన్ని ఆపేది ఈ స్విచ్చే.

పైన బస్తా చక్రానికి తగిలే లోపు ఆపే లిమిట్ స్విచ్ ఉండాలి. అది పైకి పోయే కాయిల్‌ని మాత్రమే ఆపాలి. రెండిటినీ ఆపితే బస్తా పైనే వేలాడుతుంది, దింపే దారి ఉండదు.

బరువు నిలబెట్టటానికి వార్మ్ గేరో, విడిగా బ్రేకో ఉండాలి. కరెంటు తీసేసిన మోటారు బరువుని పట్టుకోదు. బస్తా కింద మనిషి నిలబడకూడదని వేరే చెప్పాలా?

మా సముద్రం ఒడ్డున ఉన్న వాళ్ళకి ఇంకో మాట. ఉప్పు గాలికి కొసలు తుప్పు పడతాయి, తుప్పు పట్టిన కొస వేడెక్కుతుంది, ఇసుక రేణువు మొనల మధ్య దూరితే కాంటాక్టరు సరిగ్గా మూసుకోదు. డబ్బాకి రబ్బరు అంచు ఉన్న మూత పెట్టించండి, కొసలకి గ్రీజు రాయండి, పంటకి ఒకసారైనా విప్పి చూడండి.

ఇక డబ్బులిచ్చే ముందు మీరే చేయించుకోదగ్గ పరీక్ష ఒకటి చెప్తా. మోటారుకి పోయే వైర్లు రెండూ ఊడదీసి వేటికీ తగలకుండా టేపు చుట్టమనండి. బ్యాటరీ ప్లస్ నుంచి కాంటాక్టర్ల పెద్ద మొనలకి పోయే లావు వైరు దారిలో ఒక 12 వోల్టుల హెడ్‌లైట్ బల్బు మధ్యలో కలపమనండి. బటన్లకి, కాయిల్స్‌కి పోయే సన్న వైరు మాత్రం ఫ్యూజు మీదుగా నేరుగా ఉండాలి. ఇప్పుడు పైకి బటన్ నొక్కి పట్టుకుని, కిందకి బటన్ కూడా నొక్కమనండి. తర్వాత వరస మార్చి నొక్కమనండి. బల్బు వెలగకూడదు. వెలిగిందంటే ప్లస్ నుంచి మైనస్‌కి నేరు దారి ఉన్నట్టే. బల్బు అడ్డుగా ఉంది కాబట్టి కాలేదేమీ ఉండదు. మోటారు బిగించాక బల్బు లేకపోతే అక్కడ మంట వచ్చి ఉండేది.

ఆ తర్వాత, కాంటాక్టరు బొడిపె బయటకి కనపడే రకం అయితే, ఎండు కర్రపుల్లతో ఒకదాన్ని లోపలికి నొక్కి పట్టుకుని రెండోదాని బటన్ నొక్కండి. అతుక్కుపోయిన కాంటాక్టరుకి ఇది నకలు. అప్పుడు కూడా బల్బు వెలగకూడదు. బటన్లలో మాత్రమే అడ్డు పెట్టిన యంత్రం ఇక్కడ దొరికిపోతుంది.

పరీక్ష అయ్యాక వైర్ల పటం ఒక కాగితం మీద గీయించి, డబ్బా మూత లోపల అతికించమనండి. రేపు అతను ఊళ్ళో లేకపోతే ఇంకొకరు చూసి బాగు చేయగలగాలి. గీయటం రాదు అన్నాడంటే, పెట్టటం కూడా వచ్చో లేదో మనకి అర్థమైపోతుంది.

నాకు ఇంకో కోరిక ఉంది. మన రైతు సేవా కేంద్రాల్లో విత్తనాలు, ఎరువుల గురించి చెప్తున్నారు, మంచిదే. ఏడాదికి ఒక పూట ఇలాంటి యంత్రాల వైరింగు గురించి కూడా దగ్గర్లోని ఐటీఐ నుంచి ఒక మాస్టారిని పిలిచి చూపిస్తే బాగుంటుంది. ఆ మెకానిక్కుల్ని కూడా పిలవాలి. వాళ్ళు మన పిల్లలే, చేతిలో పని ఉంది, చెప్పేవాళ్ళు లేక తెలియదు అంతే.

ఈ వానాకాలం అయ్యేలోపు వించ్ చేయించుకునే వాళ్ళు చాలామంది ఉంటారు. మెకానిక్ దగ్గరకి వెళ్ళినప్పుడు రంగు, ధర తర్వాత అడగండి. ముందు ఈ ఒక్క ప్రశ్న అడగండి. "అన్నా, పైకి పోయే కాంటాక్టరు అతుక్కుపోయినప్పుడు నేను కిందకి బటన్ నొక్కితే ఏమవుతుంది?" అతను తడుముకోకుండా జవాబు చెప్పి, పుల్ల పెట్టి చూపిస్తే అడ్వాన్సు ఇవ్వండి. నవ్వేసి ఊరుకుంటే ఇంకో షాపుకి పోండి.